మరుపు ఎప్పుడు మొదలవుతుంది? – స్త్రీల వృద్ధాప్యం, మేధ, మన సాహిత్యం

"రిటైరయ్యాక మెదడుని ఖాళీగా ఉంచకూడదు" అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. ఆదివారం అనుబంధాల్లో, డాక్టర్ల సలహాల శీర్షికల్లో, పెన్షనర్ల సంఘాల సమావేశాల్లో ఎక్కడ చూసినా ఇదే. పదకేళి పూరించండి, సుడోకు చెయ్యండి, కొత్త భాష నేర్చుకోండి, పొద్దున్నే నడకకి వెళ్లండి, నలుగురితో కలవండి... ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ ఈ సలహాలు చదివినప్పుడల్లా నాకో సందేహం వస్తుంది. ఇవి ఎవరికి చెబుతున్నారు? ఎవరో కాఫీ కలిపి తెచ్చి ఇస్తే, పేపరు ముందేసుకుని అడ్డం నిలువు గళ్లు నింపుకునే మనిషే కదా వీటి వెనక కనిపించేది! మరి ఆ కాఫీ కలిపే మనిషికి రిటైర్మెంట్ ఎప్పుడు?

మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. వంటింటి ఉద్యోగానికి మాత్రం ఇంతవరకూ ఏ జీవో రాలేదు. 2024లో దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనికే ఖర్చు పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. ఉద్యోగం మానేస్తే మగవాడికి రోజంతా మిగులుతుంది. ఆడమనిషికి రెండు ఉద్యోగాల్లో ఒకటే తగ్గుతుంది. చాలాసార్లు ఆ తగ్గిన చోటికి మనవలొచ్చి చేరతారు.

నేను మెట్ట ప్రాంతపు హైస్కూళ్లలో ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పి కామవరపుకోటలో స్థిరపడ్డాను. నేను రిటైరైన నెలలోనే మరొక మేష్టారూ రిటైరయ్యారు. ఇద్దరికీ ఒకటే సభ, ఒకే రకం శాలువాలు. ఆయన గురించి మాట్లాడినవాళ్లందరూ "ఇక తీరుబడిగా మీ పద్యరచన కొనసాగించండి" అన్నారు. నా గురించి మాట్లాడినవాళ్లందరూ "ఇక హాయిగా మనవలతో ఆడుకోండి" అన్నారు. ఆ సభలో అచ్చులో కథలు పడినది నావి. ఆయన పద్యాలు ఆయన నోట్సులోనే ఉన్నాయి. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. ఆయన మంచి మనిషి. వేదిక మీద మాట్లాడినవాళ్లూ మంచివాళ్లే. ఆ మంచితనం లోపల ఏముందో చూడడానికే ఈ వ్యాసం. చూడడానికి నాకు తెలిసిన పరికరం సాహిత్యమే కాబట్టి, కథల దగ్గర్నుంచే మొదలుపెడతాను.

రిటైరైన జీవితం అనగానే తెలుగు పాఠకులకి ముందు గుర్తొచ్చేది శ్రీరమణ గారి 'మిథునం'. బాపు గారు తన చేత్తో ఆ కథంతా రాసి ఇచ్చారన్నది మనందరికీ తెలిసిందే. 2012లో తనికెళ్ల భరణి గారు దాన్ని సినిమాగా తీశారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి – పిల్లలు దూరంగా ఉంటే ఇద్దరే ఒక పెద్ద లోగిలిలో కాపురం. తోట, పాడి, పిండివంటలు, చిలిపి తగాదాలు. వృద్ధాప్యాన్ని ఏడుపుగా కాక పండగగా చూపించిన కథ అది. నాకూ ఇష్టమే. కానీ స్త్రీవాద పాఠకురాలిగా మళ్లీ చదివితే ఒక ప్రశ్న ఎదురవుతుంది. అప్పదాసు మనసు ఎంత చురుకుగా ఉందో మనకి పేజీ పేజీకీ తెలుస్తుంది. ఆయన కోరికలు, కబుర్లు, అలకలు, రుచులు! బుచ్చిలక్ష్మి మనసులో ఏముంది? ఆమె తెలివంతా ఆయన నాలుక్కి అందే లోపలే ఖర్చయిపోతుంది. ఆమె ఏం చదివింది, ఏం చదవాలనుకుంది, ఒక్కర్తే కూర్చుంటే ఏం ఆలోచిస్తుంది అన్నది కథకి అవసరం కాలేదు.

అయితే చివర్లో ఒక చోటు ఉంది. ముత్తైదువుగా పోవాలని కోరుకోవడం మన ఇళ్లలో ఆడదానికి నేర్పిన మొదటి ప్రార్థన. బుచ్చిలక్ష్మి దానికి ఎదురు కోరుకుంటుంది. తను ముందు పోతే ఆయన్ని ఎవరు చూస్తారు, ఆయనే ముందు పోవాలి అనుకుంటుంది. సంప్రదాయాన్ని తలకిందులు చేసిన ఆలోచన అది. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ ఒక స్వతంత్రమైన బుద్ధి పనిచేస్తూనే ఉందని మనకి అప్పుడే తెలుస్తుంది. కానీ ఆ బుద్ధికి దొరికిన విషయం మళ్లీ ఆయన భోజనమే. పాఠకులు అక్కడ కళ్లు తుడుచుకుంటారు. నేను మాత్రం అంత మంచి బుర్రకి ఇంకో పని దొరికి ఉంటే ఎలా ఉండేదా అని ఆలోచనలో పడతాను.

'మిథునం' పక్కన పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' పెట్టి చదవమని నా స్నేహితులకి చెబుతుంటాను. చదువుకున్న పిల్ల, ఆటపాటల్లో చురుకైన పిల్ల, పెళ్లయి, ఇల్లు అలుక్కుంటూ తుడుచుకుంటూ ముగ్గులేసుకుంటూ ఒకరోజు తన పేరు మర్చిపోతుంది. ఎంత గింజుకున్నా గుర్తు రాదు. ఇంట్లోవాళ్లకీ ఇరుగుపొరుగుకీ ఆమె పేరుతో పని లేదు. చివరికి పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తే తప్ప దొరకదు. దీన్ని మనం ఇన్నేళ్లుగా అస్తిత్వానికి సంబంధించిన కథగా చదివాం, పాఠం చెప్పాం, పరిశోధన పత్రాలు రాశాం. అదంతా సరైనదే. నాకు అరవై దాటాక అది ఇంకోలా కనిపించింది. మన భాషలో మతిమరుపు మీద వచ్చిన గొప్ప కథ అది. ఆ మతిమరుపు వచ్చినామె ముసలామె కాదు. మరుపు అరవైలో మొదలవదు, పాతికేళ్లకే మొదలవుతుంది అని ఆ కథ చెబుతోంది. రోజూ వాడని సంగతులు ఒక్కొక్కటే రాలిపోతూ వస్తాయి. పాట పోతుంది, బొమ్మలు వెయ్యడం పోతుంది, లెక్క పోతుంది, చివరికి పేరు. అలాంటప్పుడు అరవైలో సుడోకు పుస్తకం చేతిలో పెట్టడం, ముప్పై ఏళ్లు నీళ్లు పెట్టని చెట్టుకి ఒక చెంబుడు పొయ్యడం లాంటిదే.

మా ఊళ్లో నెలకోసారి ఆరేడుగురం ఆడవాళ్లం కూర్చుని ఒక కథ చదువుకుంటాం. రిటైరైన నర్సు ఒకరు, అంగన్‌వాడీలో చేసి మానేసినామె ఒకరు, మిషను కుట్టే ఆమె, ఇద్దరు గృహిణులు, నేను, ఇంకెవరైనా వీలు చూసుకుని వచ్చినవాళ్లు. 'ఇల్లలకగానే' చదివిన రోజున, పేరు మర్చిపోవడం నమ్మేలా ఉందా అని అడిగాను. మిషను కుట్టే ఆమె వెంటనే అంది: "మర్చిపోడం ఏవుందండీ, ఎవరైనా పిలిస్తే కదా గుర్తుండ్డానికి! మా ఆయన 'ఏయ్' అంటాడు. వీధిలోవాళ్లు ఆయన పేరు చెప్పి ఫలానావాళ్లావిడ అంటారు. రేషన్ కార్డు చూసుకున్నప్పుడే నా పేరు నాకు కనబడేది." అందరం నవ్వాం. అంగన్‌వాడీ ఆమె నవ్వలేదు. "మీకు రిటైర్మెంట్ అంటే ఖాళీ వచ్చిందంటున్నారు మేడంగారూ. మాకు రిటైర్మెంట్ అంటే జీతం ఆగిపోవడమేనండి. ఇప్పుడు కోకో కాయలు కొట్టడానికి వెళ్తున్నాను" అంది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలు సమ్మె చేసినప్పుడు, జీతం పెంపుతో పాటు గ్రాట్యుటీ కూడా అడిగారు. వృద్ధాప్యంలో మేధ గురించి మాట్లాడేటప్పుడు మనం ముందు మాట్లాడవలసింది ఆ గ్రాట్యుటీ గురించే అనిపించింది నాకు ఆమె మాట విన్నాక. రేపటి బియ్యం గురించి బెంగపడే బుర్రకి తీరుబడి ఎక్కడిది?

శాస్త్రం ఏమంటోందో కూడా చూద్దాం. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు మీద లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. మనం మార్చగలిగిన కారణాలు 14 ఉన్నాయని, వాటన్నిటినీ సరిచెయ్యగలిగితే దాదాపు 45 శాతం జబ్బుని తప్పించడమో వాయిదా వెయ్యడమో వీలవుతుందని అందులో లెక్క. ఆ కారణాల్లో బీపీ, షుగరు లాంటివి ఉన్నాయి. వాటితో పాటు చిన్నప్పుడు చదువు అందకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, దిగులు, మనుషులతో కలయిక లేకపోవడం కూడా ఉన్నాయి. ఇవి ఆడవాళ్ల బతుకుల్లోంచి ఏరి రాసినట్టు లేవూ? మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువని 2023లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఈ రోజు డెబ్భై దాటిన స్త్రీలు బడి ఈడులో ఉన్న రోజుల్లో, 1961 జనాభా లెక్కల్లో, దేశంలో ఆడవాళ్ల అక్షరాస్యత 15 శాతం. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చదవాల్సింది డాక్టర్లు మాత్రమే కాదు. మనం కూడా.

అమెరికాలో 1986లో డేవిడ్ స్నోడన్ అనే శాస్త్రజ్ఞుడు 678 మంది క్రైస్తవ సన్యాసినులతో ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. వాళ్లలో కొందరు కాన్వెంటులో చేరేటప్పుడు, ఇరవై రెండేళ్ల ప్రాయంలో, తమ గురించి ఒక చిన్న ఆత్మకథ రాసి ఇచ్చారు. ఆ కాగితాలు భద్రంగా ఉన్నాయి. పడుచుతనంలో ఆలోచనలు దట్టంగా అల్లి వాక్యాలు రాసినవాళ్లకి, అరవై ఏళ్ల తర్వాత మతిమరుపు తక్కువగా వచ్చిందని తేలింది. రాయడం వల్లే బుర్ర నిలిచిందని దీనికి అర్థం కాదు, రెండింటికీ వెనక వేరే కారణం ఉండొచ్చు. నన్ను ఆపింది అది కాదు. ఇరవై రెండేళ్ల ఆడపిల్లని "నీ గురించి రాసివ్వు" అని అడిగిన సంస్థ ఒకటి ఉంది, ఆ కాగితాన్ని దాచిన బీరువా ఒకటి ఉంది. మా అమ్మని, మా అక్కని ఇరవై రెండో ఏట ఎవరేం అడిగారు?

మా అక్క సంగతి చెప్పాలి. ఆమెకి డెబ్భై ఆరేళ్లు. అయిదో తరగతితో బడి మాన్పించారు. ఇంట్లో పసిపిల్లలు, పైగా పొగాకు సీజను. అమ్మ బేరన్ దగ్గర కర్రలకి ఆకు కడుతుంటే పిల్లల్ని ఎత్తుకునే మనిషి కావాలి. ఆ ఎత్తుకున్న పిల్లల్లో నేనొకదాన్ని. ఆమె బడి ఆగింది కాబట్టి నా బడి సాగింది. అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్‌సాయ్ బ్రతుకు' చదివిన ప్రతిసారీ నేను కథలో చెల్లెలి స్థానంలో నిలబడి అక్కని చూస్తాను. చదువు ఆగిన అక్క, చదువుకుని ఉద్యోగం చేసే చెల్లెలు, చెల్లెలి ఇంట్లో కుండీలో పెంచిన మరుగుజ్జు చెట్టు. ఆ కుండీలోని చెట్టులో ఆడవాళ్ల బతుకు చూసింది చదువుకున్న చెల్లెలు కాదు, అక్క. ఛాయాదేవి గారు ఆలోచన ఎవరి నోట పెట్టారో గమనించాలి. చదువు లేనంత మాత్రాన మేధ లేదనుకోవద్దని ఆ ఎంపికే చెబుతోంది.

మా అక్క ఇప్పుడు అడిగిందే నాలుగుసార్లు అడుగుతోంది. ఏలూరు తీసికెళ్లి చూపిస్తే, మందులతో పాటు "పజిల్స్ లాంటివి చేయించండి" అన్నారు. బండి ఎక్కాక అక్క "అయ్యేంటే?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేతికి ఎవరూ ఇవ్వని వస్తువు అది. కానీ ఏ సంవత్సరం ఎవరి బేరన్‌లో ఆకు మాడిపోయిందో, ఏ ఇంటి కోడలు ఏ ఊరి పిల్లో, నాట్లలో ఏ పాట తర్వాత ఏ పాట అందుకోవాలో ఇప్పటికీ తడుముకోకుండా చెబుతుంది. ఆమెకి పదేళ్లుగా చెవులు సరిగ్గా వినబడవు. మన కుటుంబాల్లో ముసలి ఆడవాళ్ల చెవుడు జబ్బు కాదు, హాస్యం. వినబడకపోతే మనుషులు మాట్లాడడం తగ్గించేస్తారు. మాట్లాడేవాళ్లు లేకపోతే మనసు దేని మీద పనిచెయ్యాలి? ఆ నివేదికలోని పద్నాలుగింటిలో వినికిడి కూడా ఎందుకుందో నాకు అక్క ముఖం చూస్తే అర్థమవుతుంది.

ఛాయాదేవి గారిదే 'సుఖాంతం' అని ఒక కథ ఉంది. చిన్నప్పటి నుంచీ కడుపునిండా నిద్రపోవాలని కోరుకున్న స్త్రీ కథ అది. ప్రతిసారీ ఎవరో ఒకరు లేపేస్తారు. చివరికి నిద్రమాత్రలతో శాశ్వతంగా నిద్రపోతుంది. శీర్షికలోని వ్యంగ్యం మనకి తెలుసు. విశ్రాంతి అన్నది ఆడదానికి బతికుండగా దొరికే వస్తువు కాదన్నది దాని సారం. ఇంత చేదు నిజం రాసిన ఆమె, తన జీవితంలో మాత్రం వేరే ముగింపు రాసుకున్నారు. ఢిల్లీ జె.ఎన్.యు. లైబ్రరీలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా చేస్తూ 1982లో తనంతట తానే పదవీ విరమణ తీసుకున్నారు. ఆ తర్వాత ఎన్నో కథలు, వ్యాసాలు, అనువాదాలు చేశారు. పారేసే వస్తువులతో బొమ్మలు చేశారు. 'తన మార్గం' కథల సంపుటికి 2005లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చేనాటికి ఆమెకి డెబ్భై దాటాయి. చివరి రోజుల్లో హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో ఉండాలని తానే నిర్ణయించుకుని చేరారు. 2019లో కన్నుమూశారు.

ఇక్కడ మన కథాసాహిత్యం మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం చెప్పాలి. వృద్ధాశ్రమం అనగానే మన కథకులకి ఒకటే బొమ్మ. విదేశాల్లో కొడుకు, గేటు దగ్గర ఎదురుచూసే తల్లి, అందని ఫోను, చివరి పేరాలో చావు. ఎన్ని వందల కథలు ఇలా వచ్చి ఉంటాయి! వాటిలో తల్లి ఒక సమస్య, ఒక కన్నీటి బొట్టు. ఆమెకి అభిప్రాయాలుండవు. చదివే పుస్తకం ఉండదు, రాజకీయాలుండవు, పక్క గదిలో స్నేహితురాలుండదు. అదే ఆశ్రమంలో ఛాయాదేవి ఉన్నారు. కొంతకాలం కొండపల్లి కోటేశ్వరమ్మా ఉన్నారు. జాలి కథల్లో వాళ్లకి చోటేదీ? కొడుకులు చేసిన అన్యాయాన్ని చూపించే తొందరలో మన కథ ముసలి స్త్రీ మనసుని తీసి పక్కన పెట్టేసింది. దయతో చేసినా అది లేకుండా చెయ్యడమే.

కోటేశ్వరమ్మ గారిది వేరే దారి. 1918లో పామర్రులో పుట్టి, ఊహ తెలియని వయసులో పెళ్లి, వైధవ్యం, తర్వాత పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త దూరమవడం. ముప్పైల్లో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో మళ్లీ చదువు మొదలుపెట్టారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టలు మేట్రన్‌గా పనిచేశారు. కన్నబిడ్డలిద్దర్నీ పోగొట్టుకున్నారు. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో అచ్చయ్యేనాటికి ఆమెకి తొంభై నాలుగేళ్లు. నూరేళ్లు చూసి 2018లో వెళ్లిపోయారు. తొంభై దాటిన జ్ఞాపకశక్తి గొప్పదే, కాదనను. అయితే ఆ పుస్తకాన్ని జ్ఞాపకశక్తి చేసిన అద్భుతంగా మాత్రమే చదివితే తక్కువ చేసినట్టే. నన్ను ఆశ్చర్యపరిచింది ఆమె ఏం గుర్తుపెట్టుకున్నారన్నది కాదు, ఎలా తూచి చెప్పారన్నది. పార్టీని ప్రేమిస్తూనే పార్టీలో ఆడవాళ్లకి జరిగిన దాన్ని చెప్పగలగడం, కోపం ఉన్న చోట గొంతు పెంచకపోవడం – ఈ తూకం పడుచుతనంలో రాదు. వృద్ధాప్యం మెదడు నుంచి కొన్ని తీసేసుకుంటుంది, నిజమే. కొన్ని ఇస్తుంది కూడా. ఆ ఇచ్చేవాటి గురించి ఏ సలహాల శీర్షికా రాయదు.

స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలు సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు కూడా ఇదే రుజువైంది. ఆ స్త్రీలు అంతకు ముందు అన్నేళ్లూ మర్చిపోయి కూర్చోలేదు. వాళ్లని అడిగినవాళ్లు లేరు. ఎదురుగా కూర్చుని, ఓపిగ్గా, "ఆ తర్వాత ఏమైంది?" అనే మనిషి ఉంటే జ్ఞాపకం లేచి నిలబడుతుంది. ముసలితనంలో చురుకుదనం ఒంటరిగా కూర్చుని చేసే కసరత్తు కాదని, ఇద్దరి మధ్య జరిగే పని అని నాకు ఆ పుస్తకం నేర్పింది.

మా జిల్లాల వైపు చూసినా రెండు పేర్లు వెంటనే తోస్తాయి. నూజివీడులో పుట్టి ఏలూరులో చదువుకున్న మాలతీ చందూర్ కాలేజీ మెట్లెక్కలేదు. ఆంధ్రప్రభలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' నడిపారు. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికతో నెలనెలా ఒక ఇంగ్లీషు నవలని తెలుగు గృహిణుల వంటింటి గట్టు దాకా తెచ్చారు. తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో 1939లో పుట్టిన రంగనాయకమ్మ గారి చదువు 1955లో ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగిపోయింది, పైకి చదివించే స్తోమత ఇంట్లో లేదని. ఆమె తర్వాత మార్క్స్ 'కాపిటల్'ని తెలుగువాళ్లకి పరిచయం చేశారు, పిల్లల కోసం అర్థశాస్త్ర పాఠాలు రాశారు, ఎనభై దాటాక కూడా వాదనలు మానలేదు. ఆమెతో మనకి పేచీలుండొచ్చు, ఉన్నాయి కూడా. కానీ ఆ పేచీ పెట్టుకోవడమే ఒక మేధ బతికుందనడానికి గుర్తు. ఈ ఇద్దరికీ ఆఫీసు లేదు, కాబట్టి రిటైర్మెంటూ లేదు. చదువు ఆగిన చోట ఆగకుండా రోజూ కొంత సమయాన్ని తమదిగా అట్టేపెట్టుకున్నారు. 'ఇల్లలకగానే'లో జారిపోయింది సరిగ్గా ఆ సమయమే.

'ఇల్లలకగానే' రాసిన సత్యవతి గారు విజయవాడలో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆ తర్వాత ఆమె చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది రేవతి ఆత్మకథని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తేవడం. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. కాలక్షేపానికీ మేధాశ్రమకీ తేడా ఇక్కడ తెలుస్తుంది. డెబ్భై దాటిన మధ్యతరగతి స్త్రీ, తను పెరిగిన లోకం చీదరించుకున్న మనిషి జీవితంలోకి వాక్యం వాక్యంగా వెళ్లి, ఆమె 'నేను'ని తన భాషలో పలకాలి. ఏ పజిలూ అడగనిది ఆ పని అడుగుతుంది. అలవాటైన అభిప్రాయాలని కదపమంటుంది. మెదడు చురుకుగా ఉండడమంటే ఇన్ని గళ్లు ఇన్ని నిమిషాల్లో నింపడమని కాక, ఇంకా మనసు మార్చుకోగలగడమని అనుకుంటే, వృద్ధాప్యం గురించి మన మాటలే మారిపోతాయి.

ఇదంతా విని "వాళ్లు అసాధారణ స్త్రీలు" అనేస్తే ఇక మనకి పనేమీ ఉండదు. నేనలా అనలేను. వాళ్ల ప్రతిభ వెనక ఒక జీతమో పెన్షనో, ఒక తలుపున్న గదో, అడిగే ఒక సంపాదకుడో స్నేహితురాలో ఉన్నారు. ఆ మూడూ దొరకని స్త్రీల ప్రతిభ ఎక్కడికి పోయింది? మాకు దగ్గర్లో, జీలకర్రగూడెం కొండ మీద గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. క్రీస్తుకి పూర్వం నాటివి. వానాకాలం భిక్షువులు ఒకచోట ఉండి ధ్యానం, చర్చ చేసుకోవడానికి రాతిని తొలిచి గదులు కట్టారు. కింద ఊళ్లవాళ్లు అన్నం పెట్టారు. ఆలోచనకి గది కావాలని, ఆ పూటకి ఎవరో వండాలని రెండు వేల ఏళ్ల కిందటే మన మెట్టప్రాంతానికి తెలుసు. అదే బౌద్ధంలో వృద్ధ భిక్షుణుల పాటలు 'థేరీగాథ'గా మిగిలాయి. వాటిలో ఒకామె రోలూ రోకలీ నుంచి విడుదలైన సంతోషం చెప్పుకుంటుంది. సూసీ తారు, కె. లలిత 1991లో భారతీయ స్త్రీల రచనల సంకలనం తెచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టారు. 'థేరీ' అంటే పెద్దావిడ. మన సాహిత్య చరిత్రకి పెద్దావిడే మొదలు. మధ్యలో ఎప్పుడో ఆమెని జాలి కథలోకి తోసేశాం.

మా అబ్బాయి అమెరికా రమ్మని పిలిచాడు, పురిటికి. మా ఊళ్లో నా వయసు ఆడవాళ్లలో సగం మంది ఈ పని మీద ఆర్నెల్ల వీసాకి వెళ్లొచ్చినవాళ్లే. వెళ్లడానికి నాకూ ఇష్టమే, పసిబిడ్డ ఒళ్లో ఉంటే ఎవరికి చేదు? కానీ వెళ్లేముందే ఒక మాట చెప్పాను. "నాలుగు నెలలుంటాను. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు నావి. ఆ వేళ తలుపు కొట్టకూడదు" అని. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. తర్వాత కోడలు అందుకుని "అలాగే అత్తయ్యా, నాక్కూడా రోజుకి రెండు గంటలు అలా కావాలి" అంది. ఆమెకి ముప్పై ఒకటి. మరుపు మొదలయ్యే వయసు అదే కదా. నా రెండు గంటలకన్నా ఆమె రెండు గంటలు ముఖ్యమని నాకు అప్పుడు తోచింది. అత్తా కోడళ్లం వంతులు వేసుకుంటే సరిపోదు. ఆ వంతుల్లో అబ్బాయి కూడా ఉండాలని అతనికీ చెప్పాను.

స్త్రీవాద విమర్శ బాలికని చదివింది, భార్యని, తల్లిని, శరీరాన్ని, శ్రమని చదివింది. వృద్ధ స్త్రీ మేధని ఇంకా సరిగ్గా చదవలేదు. కథలో ఒక ముసలామె కనిపించినప్పుడు ఆమెకి ఏం జరిగిందని మాత్రమే కాదు, ఆమె ఏం ఆలోచిస్తోందని కూడా అడుగుదాం. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లు తమ విద్యార్థినుల చేత ఇంట్లో ఉన్న అమ్మమ్మల, నాయనమ్మల మాటలు రికార్డు చేయించవచ్చు. రాసేవాళ్లు డెబ్భై ఏళ్ల కథానాయికని కన్నీళ్లు లేకుండా రాసి చూడవచ్చు. వీటికన్నా ముందు ముప్పై ఏళ్ల స్త్రీకి రోజులో కొంత సమయం దక్కేలా చూడాలి. అరవై తర్వాతి చురుకుదనం అక్కడే తయారవుతుంది.

వచ్చే నెల మా కూడికలో 'నిర్జన వారధి' మొదలుపెడుతున్నాం, నెలకి కొన్ని పేజీలు. అక్కని కూడా తీసుకొస్తానన్నాను. చదవలేదు గానీ వింటుంది. ఈ మధ్యే చెవికి మిషను పెట్టించాం.